ఉన్నంతలో క్రిస్మస్: అప్పు చేయకుండా పండుగ జరుపుకోవడం ఎలా?

ఏటా జనవరి మొదటి వారంలో పాఠకుల నుంచి నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "పండుగ బాగా జరిగింది. కానీ బిల్లులు చూస్తే గుండె జారిపోయింది. వచ్చే ఏడాది ఇలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?" అడిగేవాళ్లెవరూ దుబారా మనుషులు కారు. మిగతా పదకొండు నెలలూ లెక్క ప్రకారం బతికేవాళ్లే.

ఇన్నేళ్లుగా ఈ లెక్కలు చూస్తుంటే నాకు రెండు కారణాలు కనిపించాయి. మొత్తం ఎంత ఖర్చు పెట్టగలమో తేల్చుకోకుండానే ఒక్కొక్కటీ కొంటూ పోవడం మొదటిది. మొహమాటం రెండోది. మొదటిదానికి కాగితం, పెన్ను చాలు. రెండోదానికి నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పాలి, అదే కష్టం. అందుకే కింద ఆ భాగం మిగతావాటి కన్నా పెద్దదిగా ఉంటుంది.

వరుస తప్పకండి. ముందు అంకె, తర్వాత పేర్లు, ఆ తర్వాత మాట, చివరికి కొనుగోలు. చాలామంది కొనుగోలుతో మొదలుపెట్టి అంకె దగ్గరికి జనవరిలో చేరుకుంటారు.

1. పోయిన ఏడాది లెక్క బయటికి తీయండి

అక్టోబరు చివరి వారంలో ఒక గంట కేటాయించండి. కిందటేడు నవంబరు 1 నుంచి జనవరి 10 వరకు మీ బ్యాంకు ఖాతా, కార్డు, ఫోను చెల్లింపుల వివరాలు ముందు పెట్టుకోండి. పండుగకు సంబంధించిన ప్రతి ఖర్చు పక్కనా ఒక గీత పెట్టి, చివరికి కూడండి.

ఆ మొత్తం మీరు అనుకున్నదాని కన్నా ఎక్కువగానే ఉంటుంది. కంగారు పడకండి. గుర్తున్న ఖర్చులు వేరు, జరిగిన ఖర్చులు వేరు. బహుమతులు, విందు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి ఇవి:

- చుట్టే కాగితాలు, రిబ్బన్లు, శుభాకాంక్షల కార్డులు
- పార్సిల్, తపాలా ఖర్చులు
- కార్యాలయంలో, పిల్లల బడిలో వసూలు చేసే చందాలు
- బడి కార్యక్రమానికి, చర్చి నాటికకు కావలసిన దుస్తులు
- మీ ఇంట్లో పనిచేసే వారికి ఇచ్చే పండుగ మామూలు
- చర్చి కానుక, ఇతర దానాలు
- బొమ్మల్లో వేసే బ్యాటరీలు
- పండుగ రోజుల్లో వండే ఓపిక లేక బయట తిన్న భోజనాలు
- బంధువుల ఇంటికి వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లలేక దారిలో కొన్నవి

ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కిందటేడు లెక్కలు దొరకకపోతే, ఈ జాబితాలో మీకు వర్తించే ప్రతి దానికీ ఒక అంచనా వేసి ముందుకు కదలండి.

2. ఈ ఏడాది మొత్తం అంకెను తేల్చండి

"ఎంత కావాలి?" అని మొదలుపెడితే ఆ ప్రశ్నకు అంతు ఉండదు. "ఎంత ఉంది?" అని మొదలుపెట్టండి. లెక్క ఇలా వేయాలి:

(ఈ రోజు పండుగకు తీసిపెట్టగలిగిన డబ్బు) + (డిసెంబరు 20 వరకు వారానికి మిగల్చగలిగింది × వారాలు) − (జనవరిలో తప్పనిసరిగా కట్టాల్సినవి)

ఒక ఉదాహరణ చూడండి. ఏ దేశపు డబ్బైనా పద్ధతి ఒకటే కాబట్టి అంకెలు మాత్రమే రాస్తున్నాను. చేతిలో 6,000 ఉంది. అక్టోబరు 25 నుంచి డిసెంబరు 20 వరకు ఎనిమిది వారాలు. వారానికి 1,000 చొప్పున 8,000. మొత్తం 14,000. జనవరిలో కట్టాల్సిన బీమా వాయిదా 2,000 పక్కన పెడితే 12,000 మిగిలింది. అందులో పదో వంతు, అంటే 1,200, అనుకోని ఖర్చుకు ఉంచండి. మీరు పంచుకోగలిగింది 10,800.

జనవరి ఖర్చులను ఎందుకు తీసేయాలో కొంచెం వివరంగా చెప్పాలి. డిసెంబరు జీతాన్ని పండుగకు ముందే ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. డబ్బు ముందే చేతికి వచ్చినప్పుడు అది అదనంగా వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ జీతం డిసెంబరు 20న వచ్చి, తర్వాతి జీతం జనవరి 31న వస్తే, మధ్యలో ఆరు వారాలు గడపాలి. నెలకు సరిపోయే డబ్బుతో నెలన్నర నడవాలి. పండుగ అప్పుల్లో కొంత భాగం నిజానికి ఈ చివరి రెండు వారాల సరుకుల బిల్లులే. నేను కూడా ఒకసారి ఇక్కడే ఇరుక్కున్నాను. బహుమతులన్నీ చేతిలో ఉన్న డబ్బుతోనే కొన్నానని నిశ్చింతగా ఉండి, జనవరి 15 దాటాక బియ్యం, పాలు క్రెడిట్ కార్డు మీద కొనాల్సి వచ్చింది.

మీ అంకె చిన్నదిగా వచ్చిందా? దాన్ని పెంచడానికి మూడే నిజాయతీ గల దారులున్నాయి. వారపు పొదుపు పెంచడం, ఇంట్లో వాడని వస్తువు అమ్మడం, అదనపు పని చేయడం. కార్డు పరిమితి నాలుగో దారి కాదు. బోనస్ వస్తుందన్న ఆశను కూడా చేతికి అందేదాకా లెక్కలో వేయకండి.

సరిచూసుకోండి:

☐ అంకెను కాగితం మీద రాశాను
☐ జనవరి ఖర్చులు తీసేశాను
☐ పదో వంతు పక్కన పెట్టాను
☐ ఇంట్లో డబ్బు ఖర్చు పెట్టే ప్రతి పెద్దమనిషికీ ఈ అంకె తెలుసు

చివరి గీత ముఖ్యం. భార్యాభర్తల్లో ఒకరికి మాత్రమే తెలిసిన బడ్జెట్ రెండో వారం దాకా నిలవదు.

3. అంకెను విడగొట్టి, డబ్బును వేరు చేయండి

బేరానికి లొంగని వాటితో మొదలుపెట్టండి. ప్రయాణం ఉంటే టికెట్ల ధర మీ చేతిలో ఉండదు కనుక అది ముందు. బహుమతుల ఖర్చును పెంచుకోవడం, తగ్గించుకోవడం మీ చేతిలో ఉంటుంది కాబట్టి అవి చివర. మన 10,800 ఇలా విడిపోవచ్చు:

- ప్రయాణం: 2,500
- విందు: 2,500
- దుస్తులు: 1,000
- చర్చి కానుక, దానం: 800
- అలంకరణ, కాగితాలు, తపాలా: 400
- బహుమతులు: 3,600

మీ వాటాలు వేరుగా ఉంటాయి. ప్రయాణం లేని ఇంట్లో విందు పెద్దదవుతుంది. దానం వాటాను మాత్రం మిగిలితే చూద్దామని వదిలేయకండి. ముందు తీసిపెట్టనిది మిగలదు.

విడగొట్టిన డబ్బు ఇంటి ఖర్చుల డబ్బుతో కలవకూడదు. నగదు వాడేవారు ఒక్కో పద్దుకు ఒక్కో కవరు పెట్టండి. ఫోను ద్వారా చెల్లించేవారు వేరే ఖాతాలోకి మొత్తం మార్చి, పండుగ ఖర్చులన్నీ ఆ ఖాతా నుంచే చేయండి. కవరు ఖాళీ అయితే ఆ పద్దు ముగిసినట్టు. విందు కవరు నుంచి బహుమతులకు తీసుకోవచ్చు. అయితే విందులో ఏది తగ్గిస్తున్నారో అదే కవరు మీద రాశాకే తీసుకోండి.

4. పేర్లు రాయండి, తర్వాత కొట్టేయండి

ఇప్పుడు పేర్లు. మీరు ఏదైనా ఇవ్వాలనుకునే ప్రతి మనిషి పేరూ రాయండి. పద్నాలుగు పేర్లు వచ్చాయనుకుందాం. 3,600ను పద్నాలుగుతో భాగిస్తే తలకు 257. అంతలో అందరికీ నచ్చేది దొరకదు. దొరికినా, ఎవరికీ అక్కరలేని పద్నాలుగు వస్తువులవుతాయి.

పేర్లను మూడు వరుసలుగా చేయండి. పిల్లలు. వయసు మళ్లిన పెద్దవాళ్లు. మీ ఈడు వాళ్లు. మొదటి రెండు వరుసలనూ ఉంచి మూడో వరుసను చీటీల పద్ధతికి (పేర్ల చీటీలు తీసి, వచ్చిన ఒక్క పేరుకే బహుమతి ఇవ్వడం) మార్చితే లెక్క వెంటనే దారికొస్తుంది. ముగ్గురు పిల్లలకు 600 చొప్పున 1,800. నలుగురు పెద్దలకు 300 చొప్పున 1,200. మీ ఈడు వాళ్లు ఏడుగురి బదులు, చీటీలో మీకూ మీ జీవిత భాగస్వామికీ వచ్చిన రెండు పేర్లకు 300 చొప్పున 600. మొత్తం 3,600.

చీటీల పద్ధతి తెలియని వారి కోసం చెబుతున్నాను. పదిమంది ఉన్న కుటుంబంలో ప్రతి ఒక్కరూ మిగతా తొమ్మిది మందికీ ఇస్తే 90 బహుమతులు కొనాలి. ఒక్కొక్కరు ఒక్క పేరు తీస్తే పది చాలు. పద్ధతి ఇది:

- నవంబరు రెండో వారంలోపు తీయండి, ఆలస్యమైతే కొందరు అప్పటికే కొనేస్తారు
- ఎవరి పేరు వారికే వస్తే, భార్యకు భర్త పేరు వస్తే మళ్లీ తీయండి
- కలిసి కూర్చోలేకపోతే చీటీలో లేని ఒకరు పేర్లు కలిపి ఒక్కొక్కరికి విడిగా సందేశం పంపాలి
- గరిష్ఠ ధర ముందే చెప్పండి, దాన్ని దాటితే తప్పేనని స్పష్టం చేయండి
- ప్రతి ఒక్కరూ తమకు ఉపయోగపడే మూడు వస్తువులు రాసి ఇవ్వాలి

చివరి సూచన కొందరికి నచ్చదు. అడిగి ఇస్తే బహుమతి ఎలా అవుతుందంటారు. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో ఒక పరిశీలన ప్రచురించారు. అందుకున్న బహుమతులకు మీరైతే ఎంత విలువ కడతారని విద్యార్థులను అడిగితే, వారు చెప్పిన విలువ అసలు ధర కన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా తేలింది. స్నేహితులు ఇచ్చినవాటి కన్నా దూరపు బంధువులు ఇచ్చిన వాటిలో ఈ తేడా ఎక్కువ. అంటే మనం పెట్టిన డబ్బులో కొంత భాగం ఎవరికీ చేరకుండా పోతోంది. మూడు వస్తువులు రాసిచ్చినా అందులో ఏది వస్తుందో చివరి దాకా తెలియదు కాబట్టి, పొట్లం విప్పే సంతోషం ఎక్కడికీ పోదు.

5. మొహమాటపడకుండా ముందే చెప్పండి

బడ్జెట్ ఎంత చక్కగా వేసుకున్నా ఎదుటివారికి తెలియకపోతే అది మీ కాగితం మీదే ఉంటుంది. డిసెంబరు 23న వదినగారు సంచి నిండా బహుమతులతో గుమ్మంలో నిలబడితే, ఆ సాయంత్రమే మీరు కార్డు పట్టుకుని బజారుకు పరిగెత్తుతారు. అందుకని నవంబరులోనే మాట్లాడాలి. అవతలివారు ఇంకా ఏమీ కొనకముందే చెప్పిన మాట ఎవరినీ నొప్పించదు. కొన్నాక చెబితే నొచ్చుకుంటారు.

చెప్పడానికీ ఒక వరుస ఉంది. ముందు మీతో బాగా చనువున్న ఒకరికి ఫోను చేయండి. వాళ్లు ఒప్పుకుంటే మిగతావారికి చెప్పేటప్పుడు మీరు ఒంటరి కారు. అందరూ ఉన్న వాట్సాప్ బృందంలో మొదట పెట్టకండి. అక్కడ ఒకరు మౌనంగా ఉంటే అందరూ మౌనంగా ఉండిపోతారు.

మాటలు ఇలా ఉండవచ్చు.

అక్కతో: "అక్కా, ఈసారి పెద్దవాళ్లం ఒకరికొకరం కొనుక్కోవడం మానేసి పిల్లలకు మాత్రం ఇద్దామా? ఈ ఏడాది చేతిలో డబ్బు అంతగా ఆడటం లేదు. నీతో ముందు అనుకుని, తర్వాత తమ్ముడికి చెబుదామని చేశాను."

మామగారితో: "మామయ్యగారూ, పండుగకు అందరం మీ దగ్గరే ఉంటాం. ఈసారి ఎవరూ ఎవరికీ బట్టలు తేవద్దని అనుకున్నాం. మీరు కూడా మా కోసం ఏమీ కొనకండి. రెండు రోజులు ముందే వచ్చి పనుల్లో సాయం చేస్తాం."

కార్యాలయంలో చందా అడిగితే: "నేను ఇంతవరకు ఇవ్వగలనండి." అంతే. కారణం చెప్పనక్కరలేదు.

స్నేహితురాలితో: "ఈసారి బహుమతులు వద్దు, జనవరి మొదటి వారంలో ఒక పూట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. నాకు అదే పెద్ద బహుమతి."

కార్యాలయంలోది తప్ప మిగతా మూడింటిలోనూ వద్దన్న మాట ఒక్కటే లేదు. దాని బదులు ఏం చేద్దామో కూడా ఉంది. ఉత్తగా వద్దంటే అవతలివారు దాన్ని దూరం పెట్టడంగా తీసుకుంటారు. బదులుగా ఇచ్చేది మీ సమయమో, సాయమో అయితే ఆ మాట దగ్గరతనంగా వినిపిస్తుంది.

ఇక్కడ ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి దారులు:

- "పరవాలేదు, మీరు ఇవ్వకపోయినా మేం ఇస్తాం" అని ఎవరైనా అంటే: "మీరు ఇచ్చేది పిల్లలకు ఇవ్వండి, మాకు వద్దు" అని ఒకసారి గట్టిగా చెప్పండి. అప్పటికీ తెస్తే సంతోషంగా తీసుకుని ధన్యవాదాలు చెప్పండి. బదులు కొనడానికి బయలుదేరకండి.
- ఒకరు గరిష్ఠ ధర దాటి ఖరీదైనది తెస్తే: ఆ రోజు ఏమీ అనకండి. వచ్చే ఏడాది చీటీలు తీసే రోజున నియమాన్ని అందరికీ మళ్లీ చదివి వినిపించండి.
- డబ్బు లేదని చెప్పడానికి అభిమానం అడ్డొస్తే: డబ్బు ఊసు లేకుండా "ఇంట్లో వస్తువులు ఎక్కువైపోయాయి" అనండి. చాలా ఇళ్లలో అదీ నిజమే.

6. పిల్లలకు చెప్పేటప్పుడు

పిల్లలకు పరిమితులు అర్థం కావనుకుంటాం. నిజానికి వాళ్లకు అర్థం కానిది అస్పష్టత. "చూద్దాం" అన్న మాట పిల్లల చెవికి "సరే" అని వినిపిస్తుంది. ఆరేడేళ్లు దాటిన పిల్లలకు సూటిగా చెప్పండి: "మూడు కోరికలు రాయి. అందులో ఒకటి తప్పకుండా వస్తుంది."

శాంటా తెస్తాడని నమ్మే వయసు పిల్లలుంటే ఒక జాగ్రత్త తీసుకోండి. ఇంట్లోని ఖరీదైన బహుమతిని శాంటా పేరు మీద పెట్టకండి, అది అమ్మానాన్నల పేరు మీద ఇవ్వండి. శాంటా తెచ్చేది చిన్నదిగా ఉండనివ్వండి. తర్వాత బడిలో పిల్లలు పోల్చుకుంటారు. ఒకరికి సైకిలు, ఇంకొకరికి రంగు పెన్సిళ్లు శాంటాయే ఇచ్చాడంటే, "నేను మంచివాణ్ణి కాదేమో" అనుకునేది ఆ రెండో బిడ్డ. మన ఇంటి లెక్కకే కాక ఎదుటి ఇంటి బిడ్డ మనసుకూ ఇది అవసరం.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మరో చిక్కు వస్తుంది. ఒకరిది 600, ఇంకొకరిది 450 అయిందని రెండోవారికి ఇంకో 150 పెట్టి చిన్నది కొంటాం. అప్పుడు పొట్లాల లెక్క తప్పుతుంది, మొదటివారికి మరొకటి కొంటాం. దీనికి అంతు లేదు. చిన్న పిల్లలు పొట్లాలు లెక్కపెడతారు, పెద్ద పిల్లలు ధర లెక్కపెడతారు. మీ పిల్లలు ఏది లెక్కపెట్టే వయసులో ఉన్నారో చూసి, ఆ ఒక్కటి సమానం చేస్తే చాలు.

7. కొనే వరుస, కొనే పద్ధతి

జాబితా చేతిలో లేకుండా బజారుకు గానీ, ఫోనులోని దుకాణానికి గానీ వెళ్లకండి. జాబితాలో మనిషి పేరు, వస్తువు, గరిష్ఠ ధర, కొన్నది, దాచిన చోటు అనే అయిదు గళ్లుండాలి. చివరి గడి ఎందుకంటే, ముందే కొని దాచి, మరిచిపోయి మళ్లీ కొనేవారు చాలామంది ఉన్నారు.

కొనేముందు:

☐ కావలసిన వస్తువు ధర కనీసం మూడు వారాల ముందు రాసిపెట్టుకున్నాను
☐ ఫోనులో దాచిన కార్డు వివరాలు తీసేశాను
☐ వెనక్కి ఇచ్చే గడువు కొన్న రోజు నుంచా, అందిన రోజు నుంచా అని చూశాను
☐ పార్సిల్ ఖర్చు కూడా ధరలో కలిపాను
☐ పిల్లల వస్తువైతే బ్యాటరీలు, విడిభాగాలు వస్తాయో లేదో చూశాను

ధర ముందే రాసుకోమన్నది కొట్టివేసిన ధరను నమ్మవద్దనే. నవంబరు మొదట్లో 500కు అమ్మిన వస్తువును డిసెంబరులో "800, ఇప్పుడు 500కే" అంటే అక్కడ రాయితీ ఏమీ లేదు. మీ చేతిలోని కాగితమే దాన్ని చూపించగలదు. నిజమైన 30 శాతం రాయితీలో కూడా మిగిలిన 70 శాతం మీ జేబులోంచే వెళుతుందని గుర్తుంచుకోండి. జాబితాలో లేనిదాన్ని సగం ధరకు కొన్నా అది పూర్తి ఖర్చే.

ఇంకో వల ఉచిత పార్సిల్. "ఇంకా 200 కొంటే పార్సిల్ ఉచితం" అంటారు. పార్సిల్ ఖర్చు 50 అయితే, అక్కరలేని 200 వస్తువు కొనడం కన్నా ఆ 50 కట్టడమే మేలు.

జాబితాలో లేనిది ఏదైనా బాగా నచ్చిందా? ఒక రోజు ఆగండి. వస్తువు పేరు కాగితం వెనక రాసి మర్నాడు చూడండి. చాలావరకు కొట్టేస్తారు. కొట్టేయలేకపోతే, దాని కోసం జాబితాలో ఏది తీసేయాలో తేల్చాక కొనండి.

బహుమతి కార్డులు కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఎక్కడ వాడుకోవచ్చో అడగండి. రసీదు జత చేయండి.

8. విందు, అలంకరణ

అలంకరణ గురించి ఒక్క మాట. కొత్తవి కొనేముందు పాత పెట్టె విప్పి, అన్నీ బయటపెట్టి, దీపాలు వెలిగించి చూడండి. దీపాలు మార్చక తప్పదంటే ఎల్‌ఈడీవి తీసుకోండి. పాతరకం బల్బుల కన్నా కనీసం 75 శాతం తక్కువ కరెంటు తీసుకుంటాయి, చాలా ఏళ్లు వస్తాయి.

విందు విషయంలో ముందు తలలు లెక్కపెట్టండి. వస్తారేమో అనుకునేవారికి ఫోను చేసి అడగండి. పదిమంది వస్తారని తెలిసీ ఇరవైమందికి వండటం మనకు అలవాటు. తక్కువ పడుతుందన్న భయమే దానికి కారణం. వంటకాల సంఖ్య తగ్గించి, ఉన్న వంటకాలను కొంచెం ఎక్కువ చేస్తే ఆ భయం ఉండదు. ఏడు వంటకాలకు ఏడు రకాల సరుకులు కావాలి, నాలుగింటికి వాటిలో దాదాపు సగం చాలు.

ప్రధాన వంటకం మీరు చేసి, మిగతావి వచ్చేవారికి పంచండి. "ఏదైనా తీసుకురండి" అంటే ముగ్గురు తీపి పదార్థమే తెస్తారు. "పిన్నీ, తీపి నువ్వు తీసుకురా. బాబాయి, పానీయాలు మీవి" అని పేరు పెట్టి చెప్పండి. తేవలేని స్థితిలో ఉన్నవారికి వడ్డనో, పిల్లలను ఆడించడమో అప్పగించండి.

అందరూ డిసెంబరు 25నే కలవాలన్న నియమం లేదు. చర్చి సంప్రదాయంలో క్రిస్మస్ కాలం జనవరి 6న జరిగే ప్రత్యక్షతా పండుగ (ఎపిఫనీ) దాకా సాగుతుంది. 25న ఇంట్లో, చర్చిలో గడిపి, బంధువులతో కలయికను ఆ పన్నెండు రోజుల్లో మరో రోజుకు మార్చితే ప్రయాణపు రద్దీ తగ్గుతుంది, టికెట్లు కొన్నిసార్లు తక్కువకు దొరుకుతాయి, ఒకే రోజు నాలుగు ఇళ్లకు పరిగెత్తే పనీ ఉండదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు (అడ్వెంట్) నాలుగు ఆదివారాలకూ ఒక్కో పని పెట్టుకోవచ్చు. ఒక వారం పశువుల పాక బొమ్మలు అమర్చడం, ఒక వారం పాటల సాధన, ఒక వారం కార్డులు రాయడం, ఒక వారం ఒంటరిగా ఉన్నవారిని చూసి రావడం. పండుగ నెలంతా పరుచుకుంటే, ఆ ఒక్క రోజు మీద పడే ఖర్చు ఒత్తిడి తగ్గడం నేను చాలా ఇళ్లలో చూశాను.

9. "ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి" అన్నప్పుడు

కార్డు వాడటం తప్పు కాదు. నెల బిల్లు పూర్తిగా కట్టగలిగితే దాని మీద వడ్డీ పడదు. చిక్కంతా మిగుల్చుకున్నప్పుడే. చాలా కార్డులకు పాత బాకీ ఉంటే కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది. కార్డుతో నగదు తీస్తే సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

లెక్క చూడండి. పండుగకు 20,000 కార్డు మీద పెట్టారు. నెలకు 3 శాతం వడ్డీ. జనవరి నుంచి నెలకు 1,000 కడతారు. మొదటి నెల వడ్డీయే 600, అసలుకు చేరేది 400. బాకీ తీరడానికి 31 నెలలు పడుతుంది. మధ్యలో మరో రెండు క్రిస్మస్‌లు వచ్చి వెళతాయి. మొత్తం కట్టేది సుమారు 31,000. అదే నెలకు 2,000 కడితే ఏడాదిలో దాదాపు తీరిపోతుంది, వడ్డీ సుమారు 4,100తో ఆగుతుంది. కార్డు సంస్థ అడిగే కనీస చెల్లింపు చాలా చోట్ల బాకీలో ఇంత శాతమని ఉంటుంది. బాకీ తగ్గేకొద్దీ అదీ తగ్గి, అప్పు ఇంకా సాగుతుంది.

వడ్డీ లేని వాయిదాలంటే మూడు ప్రశ్నలు అడగండి. నిర్వహణ రుసుము ఎంత? ఒకేసారి కడితే ధర తగ్గుతుందా? ఒక్క వాయిదా తప్పితే ఏం పడుతుంది? మూడింటికీ రాతలో జవాబు దొరక్కపోతే వదిలేయండి. దొరికినా, నాలుగు చోట్ల నాలుగు చిన్న వాయిదాలు పెట్టుకోకండి. ఒక్కొక్కటీ తేలికగా ఉంటుంది, ఫిబ్రవరిలో నాలుగూ ఒకే వారంలో గుమ్మం తడతాయి.

10. ఇప్పటికే హద్దు దాటిపోయి ఉంటే

డిసెంబరు మధ్యలోనే కవర్లు ఖాళీ అయితే, ముందు పక్కన పెట్టిన పదో వంతు వాడండి. అదీ అయిపోతే ఇంకా కొనని పేర్లకు వస్తువు బదులు పని ఇవ్వండి. ఒక శనివారం పిల్లలను చూసుకుంటామనో, పాత ఫొటోలు సర్ది ఆల్బమ్ చేసి పెడతామనో, ఫోను వాడకం దగ్గరుండి నేర్పుతామనో చేత్తో రాసిన కార్డు ఇవ్వండి. తేదీ కూడా రాయండి. తేదీ లేని మాట నిలబడదు.

అప్పు ఇప్పటికే చేసేసి ఉంటే జనవరి మొదటి వారంలో ఇలా చేయండి:

- విప్పని వస్తువులు, రసీదు ఉన్నవి గడువులోపు వెనక్కి ఇవ్వండి
- ఎవరికి ఎంత బాకీ, వడ్డీ ఎంత, గడువు తేదీ ఏది అన్నది ఒకే కాగితం మీద రాయండి
- అన్నిటికీ కనీస చెల్లింపు కడుతూ, మిగిలిన డబ్బంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టండి
- అది తీరాక ఆ మొత్తాన్ని తర్వాతిదానికి కలపండి
- గడువుకు కట్టలేమని తెలిస్తే, గడువు దాటకముందే ఫోను చేసి అడగండి
- ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు నుంచి నగదు తీయకండి

ఇంట్లోవాళ్లకు చెప్పకుండా దాచకండి. దాచిన అప్పుకు వడ్డీతో పాటు నిద్ర కూడా కట్టాల్సి వస్తుంది. అక్కకో తమ్ముడికో చెప్పుకుంటే డబ్బు సాయం దొరక్కపోయినా, వచ్చే పండుగకు చీటీల పద్ధతికి ఒప్పుకునే మొదటి మనిషి వాళ్లే అవుతారు.

11. డిసెంబరు 26 తర్వాత అరగంట

ఖర్చులు ఇంకా గుర్తుండగానే ఒక కాగితం తీసుకోండి. ప్రతి పద్దు కింద అనుకున్నది, అయింది రాయండి. పక్కనే మరో మూడు సంగతులు రాయండి. అందరికీ బాగా నచ్చింది ఏది? డబ్బు పెట్టినా ఎవరూ పట్టించుకోనిది ఏది? మిగిలిపోయిన వంటకం ఏది? పిల్లలను కూడా అడగండి. వాళ్లు చెప్పేవాటిలో డబ్బుతో సంబంధం లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

అయిన మొత్తాన్ని పదకొండుతో భాగించండి. జనవరి నుంచి నవంబరు దాకా నెలనెలా ఆ మొత్తం వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. అప్పు ఉంటే అది తీరేదాకా అందులో చిన్న భాగమైనా వేయండి. చుట్టే కాగితాలు, కార్డులు సగం ధరకు వచ్చేది ఇప్పుడే. ఇంట్లో మిగిలినవి చూశాకే, తక్కువ పడేవి మాత్రం కొనండి.

తర్వాత దీపాలు, నక్షత్రం, బొమ్మలు సర్ది పెట్టెలో పెట్టండి. ఈ కాగితాన్ని మడిచి అన్నిటికన్నా పైన ఉంచి మూత వేయండి. వచ్చే అక్టోబరు చివరి వారంలో ముందు తీయాల్సింది ఆ పెట్టెనే.